టీనేజ్ పిల్లల తిండి సమస్య రూపం మారుతోందని ఎలా గుర్తించాలి?

"ఇప్పుడు బాగానే తింటోందిలెండి" అనుకున్నాక చాలా ఇళ్లలో కనిపెట్టి చూడటం ఆగిపోతుంది. ఆరు నెలల కిందట కంచం ముందు కూర్చోవడానికే ఏడ్చిన పిల్ల ఇప్పుడు గబగబా తినేస్తుంటే కన్నవాళ్ల ప్రాణం కుదుటపడటం సహజమే. కానీ ఈ సమస్య ఒకే రూపంలో ఉండిపోదు. కడుపు మాడ్చుకోవడంతో మొదలై, కొన్నాళ్లకు అదుపు తప్పి తినడం, తిన్నది కక్కేయడం వైపు మళ్లొచ్చు. 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే సైకియాట్రిస్ట్ ఇలా అదుపు తప్పి తిని కక్కేసే జబ్బుకు బులీమియా నెర్వోసా అని పేరు పెట్టినప్పుడు, దాన్ని కడుపు మాడ్చుకునే జబ్బైన అనొరెక్సియా నెర్వోసాకే మరో రూపంగా వర్ణించారు.

ఇది పిల్లల మొండితనం కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి బాగా తగ్గించి చూశారు. పగలూ రాత్రీ వాళ్లకు తిండి ధ్యాసే. చిన్న మాటకే చిరాకు. తర్వాత తిండి పెంచితే కొందరు ఎంత తిన్నా ఆపుకోలేకపోయారు. ఆకలి శరీరాన్నీ మనసునూ అలా మార్చేస్తుంది.

1. వారానికోసారి రాసుకోండి

ఒక్క రోజు కంచం చూస్తే ఏమీ తెలియదు, మూడు నెలలది పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. తేదీ వేసి నాలుగు ముక్కలు రాయండి: అందరితో కూర్చుని తిన్నారా, ఏయే పదార్థాలు మానేశారు, తిన్నాక ఏం చేస్తున్నారు, నిద్ర, స్నేహితులు, వ్యాయామం ఎలా ఉన్నాయి. ఆడపిల్లలైతే నెలసరి సంగతి కూడా. కేలరీల లెక్క మాత్రం వద్దు, ఇంట్లో ఆ లెక్క మొదలైతే పిల్లల భయం ఇంకా పెరుగుతుంది.

2. బరువును పాత గ్రాఫ్‌తో పోల్చండి

ఎదిగే వయసులో బరువు పెరగకపోవడం కూడా తగ్గడం లాంటిదే. మీ డాక్టర్ దగ్గర చిన్నప్పటి నుంచి ఉన్న ఎత్తు, బరువు రికార్డు అడిగి, గీత ఎక్కడ వంగిందో చూడండి. బొద్దుగా ఉన్న బిడ్డ తక్కువ కాలంలో బాగా తగ్గిపోతే అందరూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు నాకు చాలా భయం వేసే విషయం. చూడటానికి మామూలు బరువే ఉన్నా, లోపల గుండె వేగం పడిపోయి ఉండొచ్చు.

3. కొత్త గుర్తులు వెతకండి

మొదటి దశలో కంచంలో ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేసి అంచుకు నెట్టడం, ఎండలోనూ పొడవు చేతుల చొక్కా వేసుకోవడం కనిపిస్తాయి. రూపం మారాక కంచం ఖాళీ అవుతుంది. కానీ తినగానే బాత్రూమ్‌కు వెళ్తారు, లోపల కుళాయి చాలాసేపు ధారగా పోతూనే ఉంటుంది. దవడల కింద వాపు, వేళ్ల కణుపుల మీద గీతలు, పళ్లు జివ్వుమనడం, దాచిన ఖాళీ ప్యాకెట్లు కూడా గమనించండి. వాంతి లేకుండా, రహస్యంగా అదుపు లేకుండా తినడం కూడా ఉంటుంది. బింజ్ ఈటింగ్ అనే దీన్ని 2013లో డీఎస్ఎం-5 (మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ప్రత్యేక సమస్యగా గుర్తించింది. మగపిల్లల్లో సన్నబడాలన్న కోరిక కంటే కండలు తేలాలన్న పట్టుదల ముందు కనిపించవచ్చు. జిమ్ ఒక్కరోజు తప్పినా విపరీతమైన టెన్షన్ పడతారు.

4. భోజనం వేళ కాకుండా మాట్లాడండి

"సన్నబడ్డావు", "ఒళ్లు చేశావు" రెండూ వద్దు. "నాలుగు వారాలుగా నువ్వు తిన్నాక ఒంటరిగా ఉంటున్నావు, నాకు బెంగగా ఉంది, డాక్టర్ దగ్గరికి కలిసి వెళ్దాం నాన్నా" అనండి. కాదంటే వాదించకుండా రెండు రోజులాగి మళ్లీ అడగండి. ప్రమాద సూచనలుంటే మాత్రం ఆగకూడదు.

5. డాక్టర్ దగ్గరికి ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి

గుండె వేగం, బీపీ, రక్తంలో పొటాషియం చూడమని అడగండి. మాటిమాటికీ వాంతులైతే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. కళ్లు తిరిగి పడిపోవడం, మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 లోపు ఉండటం, నీళ్లు కూడా తాగకపోవడం, వాంతిలో రక్తం, చనిపోవాలన్న మాట, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చాలా రోజులు తినని బిడ్డకు ఇంట్లో ఒక్కసారిగా ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే.

6. చికిత్స మొదలయ్యాకా చూస్తూ ఉండండి

కుటుంబంతో కలిసి చేసే చికిత్సలో మొదట భోజనం బాధ్యత తల్లిదండ్రులే తీసుకుంటారు, తర్వాత మెల్లగా పిల్లలకు అప్పగిస్తారు. ఆ అప్పగింత రోజుకు ఒక పూటతో మొదలుపెట్టండి. వెనక్కి జారినట్టు కనిపిస్తే తిట్టకుండా ఆ పూట మళ్లీ మీరు కూర్చోండి. పరీక్షలు, ఇల్లు మారడం, స్నేహం చెడటం లాంటి సమయాల్లో వారానికోసారి రాసేది రెండుసార్లు రాయండి. అంతా కుదురుకుందనిపించినా నోట్‌బుక్ ఇంకో ఏడాది దగ్గరే ఉంచుకుని, కనీసం నెలకోసారి తెరవండి.