ఇంట్లో ఒకరికి జబ్బు, భార్యో భర్తో పరాయి దేశంలో: అత్యవసర వీసా కోరే విధానం

ఆసుపత్రి నుంచి కబురు అందగానే చాలామంది చేసే మొదటి పని, దౌత్య కార్యాలయానికి తమ గోడంతా వెళ్లబోసుకుంటూ ఒక ఈమెయిల్ పంపడం. దానికి జవాబు రాకపోవచ్చు, వచ్చినా ముందు మామూలు దరఖాస్తు పెట్టుకోమనే వస్తుంది. ఎందుకంటే అత్యవసరం అన్నది సాధారణంగా వేరే రకం వీసా కాదు. అప్పటికే పెట్టిన దరఖాస్తును వరసలో ముందుకు జరపమని చేసే విన్నపం మాత్రమే. అంటే మీరు రెండు సంగతులను విడివిడిగా రుజువు చేసుకోవాలి: ఇప్పుడే ఎందుకు రావాలన్నది ఒకటి, వచ్చే వ్యక్తికి ఆ వీసా పొందే అర్హత ఉన్నదా అన్నది రెండోది. మొదటిదాన్ని ఎంత బలంగా చూపినా రెండోదానిలోని లోటు తీరదు.

వీసా అసలు అవసరమా అన్నది ముందుగా చూసుకోవాలి. మీ భాగస్వామి పాస్‌పోర్టు ఏ దేశానిదన్న దాన్ని బట్టి, అమెరికాకు ఎస్టా, బ్రిటన్‌కు ఈటీఏ వంటి ఆన్‌లైన్ అనుమతితోనే ప్రయాణం సాధ్యం కావచ్చు. పాత వీసాకు ఇంకా గడువు ఉండవచ్చు. వేలిముద్రలు కూడా కొన్నిచోట్ల మళ్లీ ఇవ్వనక్కరలేదు: షెంగెన్ దేశాలు (ఒకే ఉమ్మడి వీసాతో తిరగగల యూరప్ దేశాలు) 59 నెలల లోపు ఇచ్చిన ముద్రలను తిరిగి వాడుకుంటాయి, కెనడాలో అవి 10 ఏళ్లు చెల్లుతాయి. కంగారులో ఈ చిన్న విషయం చూసుకోక, అక్కరలేని అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసేవాళ్లున్నారు.

వీసా తప్పనిసరి అయితే ఆ దేశపు క్రమాన్ని అక్షరాలా పాటించాలి. అమెరికా సందర్శక వీసాకు ముందు డీఎస్-160 ఫారం నింపి, 185 డాలర్ల రుసుము కట్టి, ఎంత దూరంలో ఉన్నా దొరికిన తేదీకి ఇంటర్వ్యూ ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాతే అత్యవసర అపాయింట్‌మెంట్ కోరే వీలు ఉంటుంది. కొత్త తేదీ ఖరారయ్యే వరకు పాత తేదీని రద్దు చేసుకోకండి. షెంగెన్ వీసా నియమావళిలోని 9వ అధికరణం ప్రకారం, సమర్థించదగిన అత్యవసర సందర్భాల్లో అపాయింట్‌మెంట్ లేకుండానే దరఖాస్తు స్వీకరించే అధికారం కాన్సులేట్‌కు ఉంది. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమైతే 45 రోజుల వరకు పొడిగించవచ్చు. సాధారణ షరతులు నెరవేరకపోయినా, మానవతా కారణాలపై ఒకే దేశానికి పరిమితమైన వీసా ఇచ్చే వెసులుబాటు 25వ అధికరణంలో ఉన్నది. ఇక భర్తో భార్యో యూరోపియన్ యూనియన్ పౌరులై, తమది కాని మరో సభ్యదేశంలో నివసిస్తుంటే, వారిని చేరబోయే భాగస్వామికి వీసాను రుసుము లేకుండా, వేగంగా ఇవ్వాలని 2004 నాటి 38వ ఆదేశం చెబుతుంది. ఈ హక్కును ప్రస్తావించకుండా మామూలు పర్యాటకుల వరసలో నిలబడటం పొరపాటు.

పేరు చూసి తప్పు తలుపు తట్టే ప్రమాదమూ ఉంది. ఉదాహరణకు, భారత్ ఇచ్చే వైద్య సహాయకుల ఈ-వీసా, చికిత్స కోసం వైద్య వీసాపై వచ్చే విదేశీ రోగికి తోడుగా వచ్చేవారికే వర్తిస్తుంది. భారత పౌరురాలైన అత్తగారి జబ్బు కోసం వచ్చే విదేశీ కోడలికి అది సరిపోదు. అమెరికాలో మానవతా పెరోల్, అంటే వీసా లేకుండానే తాత్కాలికంగా రానిచ్చే ప్రత్యేక అనుమతి, ఉన్నది, దానికి ఐ-131 ఫారం పెట్టాలి. అయితే అది వీసా మార్గాలు మూసుకుపోయినవారికి చివరి ఆసరాగా ఉద్దేశించినదే తప్ప దగ్గరిదారి కాదు.

మొత్తం దరఖాస్తు భారమంతా ఒక్క కాగితం మీద ఉంటుంది: వైద్యుడి లేఖ. ఆసుపత్రులు అలవాటుగా ఇచ్చే లేఖ ఇలా ఉంటుంది: ‘ఈ రోగి మా వద్ద చికిత్స పొందుతున్నారు. కుటుంబ సభ్యుల తోడు అవసరం.’ దీనివల్ల అధికారికి తెలిసింది ఏమీ లేదు. అదే లేఖ ఇలా ఉందనుకోండి: ‘రోగిని 3వ తేదీన ఐసీయూలో చేర్చాము. 14వ తేదీన గుండె శస్త్రచికిత్స నిర్ణయించాము. ఆ తర్వాత ఆరు వారాల పాటు రోగి ఒంటరిగా నడవడం, స్నానం చేయడం సాధ్యం కాదు. ఇంట్లో ఉన్న ఏకైక పెద్ద వ్యక్తి రోగే. మరొకరు నాలుగేళ్ల బిడ్డ.’ ఇందులో తేదీ ఉంది, గడువు ఉంది, రాకపోతే ఏమవుతుందో ఉంది. ఈ వివరాలు వైద్యుడికి తట్టవు, అది ఆయన పని కూడా కాదు; కాబట్టి ఏమేమి ఉండాలో ఒక చీటీ మీద రాసి మీరే అందించండి. లేఖ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, ఇటీవలి తేదీతో, వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు, సంతకంతో ఉండాలి. రోగి పేరు గుర్తింపు పత్రాల్లో ఉన్నట్టే ఉండాలి. నిజానిజాలు తెలుసుకోవడానికి అధికారులు ఫోన్ చేయవచ్చు గనుక, ఎవరూ ఎత్తని రిసెప్షన్ నంబరుకు బదులు ఈ కేసు తెలిసిన వారి నంబరు వేయించండి. రోగి స్పృహలో ఉంటే, తన వైద్య వివరాలను దౌత్య కార్యాలయానికి తెలపవచ్చంటూ ఆయన సంతకం తీసుకోండి. అది లేక ఆసుపత్రి నోరు విప్పకపోతే అధికారి చేసిన ఫోన్ వృథా అవుతుంది.

విన్నపం ఒక పేజీ దాటకూడదు. పైన దరఖాస్తు నంబరు, పాస్‌పోర్టు నంబరు, మొదటి వాక్యంలో రోగికి దరఖాస్తుదారుతో ఉన్న బంధుత్వం, రెండో వాక్యంలో ఏ తేదీలోగా చేరాలన్నది. మీ ప్రేమకథ, వీసా వ్యవస్థ మీద మీ అభిప్రాయం అక్కడ అక్కరలేదు. ‘వీలైనంత త్వరగా’ అని రాసిన చోటల్లా తేదీ రాయండి.

అర్హత విషయంలో భార్యాభర్తలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భాగస్వామి ఆ దేశంలోనే నివసిస్తుంటే, వచ్చిన వ్యక్తి తిరిగి వెళ్లరన్న అనుమానం సహజంగానే పుడుతుంది. అమెరికా చట్టంలోని 214(బీ) సెక్షన్ ప్రకారం, కాదని దరఖాస్తుదారు రుజువు చేసుకునేదాకా స్థిరపడటానికే వస్తున్నారని భావిస్తారు. కెనడా చట్టంలోని 22(2) సెక్షన్ మాత్రం శాశ్వత నివాసం కోరుకోవడం తాత్కాలిక ప్రవేశానికి దానంతట అదే అడ్డు కాదని చెబుతుంది. ఏ దేశమైనా ఉద్యోగ సెలవు మంజూరు పత్రం, ఇంటి అద్దె ఒప్పందం, తిరిగి వెళ్లే తేదీ, అక్కడ ఉన్న బాధ్యతలు చూపండి. మీ కోసం వలస పిటిషన్ ఎవరైనా వేశారా అని డీఎస్-160లో సూటిగా అడుగుతారు. ఐ-130 (అమెరికాలోని బంధువు వేసే వలస పిటిషన్) పెండింగులో ఉండగా లేదని రాస్తే, ఆ అబద్ధం ఈ ప్రయాణాన్నే కాక రేపటి కాపురాన్నీ దెబ్బ తీస్తుంది. అలాంటి పిటిషన్ నడుస్తుంటే, దాన్నే త్వరగా పరిశీలించమని అదే వైద్య లేఖతో విడిగా కోరవచ్చు.

వివాహ ధ్రువీకరణ పత్రానికి అనువాదం, అవసరమైన చోట అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) సిద్ధంగా ఉంచుకోవాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారి ఒక్కో కాగితంలో ఒక్కో పేరు ఉంటే, ఆ మార్పును వివరించే పత్రం జత చేయాలి.

జవాబు రాకుండా రోజులు గడుస్తుంటే, ఆ దేశంలో ఉన్న భాగస్వామి తమ ప్రాంతపు పార్లమెంటు లేదా కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. సంతకం చేసిన సమ్మతి పత్రం ఇస్తే వారు కేసు ఏ దశలో ఉందో విచారిస్తారు. నిర్ణయం వారి చేతిలో ఉండదు. డబ్బు తీసుకుని ముందు తేదీ ఇప్పిస్తామనే ఏజెంట్ల చేతిలో అసలే ఉండదు. బ్రిటన్‌లో అదనపు రుసుముతో దొరికే ప్రాధాన్య సేవ కూడా వేగాన్నే అమ్ముతుంది, వీసాను కాదు.

తిరస్కరిస్తే కారణం చదివాకే తర్వాతి అడుగు వేయాలి. షెంగెన్ తిరస్కరణపై అప్పీలు హక్కు ఉంది గానీ, 14వ తేదీ శస్త్రచికిత్సకు అప్పీలు అందిరాదు. లోపించిన పత్రంతో కొత్త దరఖాస్తే చాలాసార్లు త్వరగా తేలుతుంది. 214(బీ) కింద కాదంటే అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తు చేయడమే. ఈలోగా రోగి మరణిస్తే, చెప్పడానికి కష్టమే అయినా, విన్నపాన్ని వెంటనే సవరించి మరణ ధ్రువీకరణనూ అంత్యక్రియల తేదీతో లేఖనూ పంపాలి. పాత వైద్య లేఖతోనే విమానం ఎక్కితే సరిహద్దులో చెప్పేదానికీ కాగితాలకూ పొంతన ఉండదు.

వీసా ఉన్నా ప్రవేశాన్ని నిర్ణయించేది సరిహద్దు అధికారే గనుక, ఆ పత్రాల నకళ్లన్నీ చేతిసంచిలోనే ఉంచుకోవాలి. రోగి కోలుకోవడం ఆలస్యమైతే, గడువు ముగియకముందే పొడిగింపు కోరాలి: అమెరికాలో అందుకు ఐ-539 ఫారం ఉన్నది, షెంగెన్‌లో మానవతా కారణాలు రుజువైతే 33వ అధికరణం కింద రుసుము లేకుండానే పొడిగిస్తారు. అప్పుడు కూడా వైద్యుడి కొత్త లేఖ కావాలి, దానిలోనూ తేదీలుండాలి.