అడకత్తెరలో పోకచెక్క: నేపాల్ సమస్యలు, మరమ్మతులు

తన రాజ్యం రెండు బండరాళ్ల మధ్య ఇరుక్కున్న దుంప అని 18వ శతాబ్దంలోనే నేపాల్ రాజు పృథ్వీనారాయణ్ షా అన్నాడంటారు. మనమైతే అడకత్తెరలో పోకచెక్క అంటాం. భారత్, చైనాల మధ్య ఆ పోకచెక్కకు తరచూ వచ్చే తిప్పలు, వాటి మూలాలు, నేపాల్ చేసుకున్న మరమ్మతులు ఇవి. మరమ్మతుల్లో కొన్ని కాగితం మీదే ఉన్నాయి.

సమస్య: పొరుగువాడితో మాట తేడా వస్తే ఇంట్లో పొయ్యి ఆరిపోతోంది

2015 సెప్టెంబర్ 20న కొత్త రాజ్యాంగం వచ్చింది. కొద్ది రోజులకే భారత్ సరిహద్దులోని బీర్‌గంజ్ పట్టణం దగ్గర లారీలు ఆగిపోయాయి. అది నేపాల్ దక్షిణ మైదానాల్లో ఉండే మధేశీల ఆందోళన వల్లేనని ఢిల్లీ అంది, భారత్ దిగ్బంధమేనని ఖాట్మండు అంది. ఎవరి మాట ఎలా ఉన్నా బంకుల ముందు బైకులు బారులు తీరాయి. గ్యాస్ లేక జనం కట్టెల పొయ్యి వెలిగించారు. రాజధానిలో సర్కారీ సంస్థే కట్టెలు తూకమేసి అమ్మింది.

మూలం: పెట్రోలు, డీజిలు, గ్యాస్ అన్నీ ఒకే దిక్కు నుంచి రావడం. 1989లోనూ ఇదే దెబ్బ తగిలింది. చైనా ఆయుధాలు కొన్న మరుసటి ఏడే భారత్‌తో రవాణా ఒప్పందం గడువు ముగిసి, సరిహద్దు దారులు చాలావరకు మూతపడ్డాయి. పాతికేళ్ల తర్వాత కూడా రెండో దారి గట్టిగా లేదు. ఉత్తరాన చైనా వైపు వెళ్లే తాతోపానీ రోడ్డేమో 2015 ఏప్రిల్ భూకంపానికి దెబ్బతిని అప్పటికి మూసి ఉంది. చైనా 13 లక్షల లీటర్ల పెట్రోలు ఉచితంగా ఇచ్చింది కానీ, అది ఏ మూలకు?

మరమ్మతు: 2016 ఫిబ్రవరిలో ప్రధాని ఓలి ఢిల్లీ వెళ్లాడు. అంతవరకు కోల్‌కతా, హల్దియాల మీదే ఆధారపడిన నేపాల్ సరుకుకు మన విశాఖ రేవు వాడుకునే ఒప్పందం కుదిరింది. మార్చిలో బీజింగ్ వెళ్లి చైనా రేవుల కోసం సంతకం పెట్టాడు. ఆ వరుసలోనే ఉంది కిటుకంతా. చైనాలోని తియాన్‌జిన్ రేవు మూడు వేల కిలోమీటర్ల పైమాటే, కోల్‌కతా అందులో మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి చైనా దారి సరుకు తెచ్చుకోవడానికంటే బేరమాడటానికే ఎక్కువ పనికొస్తుంది.

జాగ్రత్త: 2019లో బిహార్‌లోని మోతీహారీ నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను వచ్చింది. ట్యాంకర్ల బెడద తగ్గింది, నిజమే. కానీ వాల్వు అవతలి గట్టునే ఉంది. నన్నడిగితే నిల్వ ట్యాంకులు కట్టుకోవడమే అన్నిటికన్నా చౌకైన మరమ్మతు. దానికి రిబ్బన్ కటింగ్ అంత వైభవంగా జరగదు, అదొక్కటే లోటు.

సమస్య: అప్పు ఒకరిది, గిరాకీ ఇంకొకరిది

చైనా సర్కారీ ఎగ్జిమ్ (ఎగుమతి-దిగుమతి) బ్యాంకు అప్పుతో, సుమారు 21.5 కోట్ల డాలర్లకు కట్టిన పోఖరా విమానాశ్రయం 2023 జనవరి 1న మొదలైంది. అంతర్జాతీయ విమానాలు మాత్రం అరకొరే. మూలం: ప్రయాణికులు రావాల్సింది ఎక్కువగా భారత్ నుంచి. మరమ్మతు: సంతకానికి ముందే గిరాకీ ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. కట్టేశాక చేయగలిగింది తక్కువ.

సమస్య: సాయం తీసుకుంటే వీధుల్లో గొడవ

అమెరికా 50 కోట్ల డాలర్ల గ్రాంటుకు 2017లో సంతకమైతే, పార్లమెంటు ఆమోదం 2022 ఫిబ్రవరిలో గానీ దొరకలేదు. ఇది సైనిక ఒప్పందమేమోనన్న అనుమానమే మూలం. ఒప్పందాన్ని నేపాల్ ఎలా అర్థం చేసుకుంటుందో 12 అంశాల ప్రకటనలో రాసి జతచేసి గండం గట్టెక్కారు.

సమస్య: కరెంటు ఉంది, కొనేవాడు మొహం తిప్పుకుంటున్నాడు

ఎగువ తామాకోశీ 456 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు, నేపాలీల సొంత డబ్బుతో కట్టింది. కానీ సివిల్ పనులు చేసింది చైనా కంపెనీ. చైనా చెయ్యి పడిన కరెంటును భారత్ కొనదు. తాత్కాలిక మరమ్మతు: ఆ కరెంటు ఇంట్లో వాడుకుని, మిగతా ప్రాజెక్టులది అమ్ముకోవడం. పదేళ్లలో 10,000 మెగావాట్ల ఎగుమతికి 2024 జనవరిలో భారత్‌తో ఒప్పందమైంది కాబట్టి, కొత్తవాటి కాంట్రాక్టు ఇచ్చేముందు కొనేవాడిని గుర్తు పెట్టుకోవాల్సిందే. రెండో కొనుగోలుదారుగా బంగ్లాదేశ్ దొరికింది, 40 మెగావాట్లకు. ఆ తీగలు వెళ్లేది మళ్లీ భారత్ మీదుగానే.