బైక్ ముందు డిస్క్ బ్రేక్ పట్టేస్తోందా? ఎక్కడ పట్టిందో మొదట తేల్చుకోండి

మాది భీమిలి. ఉప్పుగాలికి మా వీధిలో బళ్ల కాలిపర్లు, అంటే ప్యాడ్లని డిస్క్ మీద నొక్కిపట్టే భాగాలు, తరచూ పట్టేస్తుంటాయి. దసరాకి వాటర్ సర్వీసింగ్ చేయించి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించిన బండి కొన్నాళ్లకే ముందు చక్రం బిగిసిపోయి నా దగ్గరికి వస్తుంది. ఆ ప్రెషర్ నీళ్లు రబ్బరు తొడుగుల్లోకి దూరి, కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నుల మీది గ్రీజుని కడిగేస్తాయి. వెంటనే కొత్త ప్యాడ్లు వేయించేస్తారు. మందంగా ఉన్న ప్యాడ్లతో అది ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

బండి తోస్తుంటే బరువుగా ఉన్నా, బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపినా డిస్క్ కాలుతున్నా అనుమానించాల్సిందే. డిస్క్‌ని వేలితో ముట్టుకోవద్దు. దాని మీద రెండు చుక్కల నీళ్లు వేయండి, చుయ్యిమంటే చాలు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం లేపండి. బ్రేక్ ఒకసారి గట్టిగా పట్టి వదిలి, చక్రం చేత్తో తిప్పండి. ప్యాడ్లు డిస్క్‌కి కాస్త రాసుకున్న చప్పుడు మామూలే. తిప్పిన చక్రం వెంటనే ఆగిపోతే మామూలు కాదు.

అసలు పరీక్ష ఇక్కడే. కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ ఉంటుంది. దానికి సన్నని పారదర్శక పైపు తొడిగి, రెండో కొస సీసాలో పెట్టి, చక్రం పట్టేసి ఉండగానే నిపుల్‌ని పావు చుట్టు వదలండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే కాలిపర్ తప్పేం లేదు, ఒత్తిడి పైన, లివర్ వైపు ఇరుక్కుంది. లివర్‌కి కొంచెం ఆట ఉందో లేదో చూడండి. లేకపోతే లివర్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగొచ్చే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. మడ్డి పట్టినా ఆ రంధ్రం పూడుతుంది. కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే హోస్ పైపు పాతదై లోపల ఉబ్బినా అది కూడా ఆయిల్‌ని వెనక్కి రానివ్వదు. నిపుల్ వదిలినా చక్రం బిగుసుకునే ఉంటే మాత్రం జబ్బు కాలిపర్‌లోనే.

అప్పుడు కాలిపర్ బోల్టులు తీసి, దాన్ని హోస్ మీద వేలాడదీయకుండా తీగతో కట్టండి. ప్యాడ్లు బయటికి తీసి బ్రాకెట్‌ని చేత్తో అటూ ఇటూ జరపండి. నున్నగా జరగాలి. జరగకపోతే పిన్నులు లాగి, పాత గ్రీజు, తుప్పు పూర్తిగా తుడిచి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. చాలా బళ్లకి ఇంతటితో పని అయిపోతుంది. పిస్టన్ వైపు ప్యాడ్ ఒక్కటే బాగా అరిగి ఉంటే మొదట అనుమానించాల్సింది ఈ పిన్నుల్నే.

పిన్నులు బాగుంటే ఇక పిస్టన్. దాని చుట్టూ చదరపు అంచుల రబ్బరు సీల్ ఉంటుంది. బ్రేక్ పట్టినప్పుడు అది పిస్టన్‌తో పాటు కొంచెం మెలి తిరుగుతుంది, వదిలినప్పుడు మళ్లీ నిటారై పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఆ పని చేసే స్ప్రింగ్ వేరే ఏదీ లేదు. సీల్ వెనక గాడిలో తెల్లటి పొడిలా తుప్పు పేరుకుంటే సీల్ ముందుకొచ్చి పిస్టన్‌ని నొక్కేస్తుంది. అందుకే పిస్టన్ ఎంత మెరిపించినా, గాడి గీకి శుభ్రం చేయకపోతే జబ్బు తిరగబెడుతుంది.

పిస్టన్ బయటికి తీయడానికి హోస్ విప్పకముందే ఎదురుగా చెక్కముక్క పెట్టి లివర్‌ని మెల్లగా పంపు చేయండి. కంప్రెసర్ గాలి వద్దు, పిస్టన్ ఎగిరి వేళ్లు నలిగిపోతాయి. పిస్టన్ మీద గుంటలు పడితే మార్చేయండి, ఎమరీ పేపర్‌తో రుద్ది సరిపెట్టొద్దు. కొత్త సీల్స్‌ని తాజా బ్రేక్ ఆయిల్‌లో తడిపి వేస్తే, పిస్టన్ ఉత్త బొటనవేళ్లతో నొక్కినా లోపలికి దిగాలి. హోస్ బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేయండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: డీజిల్, పెట్రోల్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు ఏదీ ఆ రబ్బరుకి తగలకూడదు. సీల్ ఉబ్బి, బాగుచేసిన కాలిపరే మళ్లీ పట్టేస్తుంది. ప్యాడ్‌కి ఆయిల్ అంటితే ఆ ప్యాడ్ పారేయాల్సిందే. బ్రేక్ దుమ్ముని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పెయింట్ మీద బ్రేక్ ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి.

బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని ఉందా, డాట్ 4 అని ఉందా చూసి అదే పోయండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తాజా డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టిన దానికి ఆ హద్దు 155 డిగ్రీలే. మాలాంటి ఊళ్లలో ఆయిల్ మార్చడం రెండేళ్లు దాటనివ్వొద్దు. బ్లీడింగ్‌లో (ఆయిల్‌లోని గాలి తీయడంలో) వరస ఇది: లివర్ నొక్కి పట్టడం, నిపుల్ వదలడం, బిగించడం, ఆ తర్వాతే లివర్ వదలడం. మధ్యలో ట్యాంకు ఖాళీ అవనివ్వకండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే మరీ జాగ్రత్త, ఆ యూనిట్‌లోకి గాలి దూరితే ఇంట్లో తీయడం కష్టం.

బోల్టులు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, బండి కదపకముందే లివర్ గట్టిపడేదాకా పంపు చేయండి. లివర్ స్పాంజిలా ఉంటే రోడ్డెక్కొద్దు. మొదట వీధిలోనే మెల్లగా తిప్పి, ఆగి, నిపుల్ దగ్గరా హోస్ బోల్టు దగ్గరా తడి ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి.