కుకీ సంతకం సరిగ్గానే ఉన్నా సెషన్ నిలవడం లేదా? ముందు సైజు చూడండి

సర్వర్ మన బ్రౌజర్‌లో దాచే చిన్న డేటా ముక్కే కుకీ. లాగిన్, బుట్ట లాంటి వివరాలే సెషన్. సైన్ చేసిన (ఎవరూ మార్చలేదని తెలిసేలా సర్వర్ తన సీక్రెట్ కీతో ముద్ర వేసిన) కుకీల్లోనో, ఎన్‌క్రిప్ట్ చేసిన కుకీల్లోనో సెషన్ దాచే సైట్లలో ఏ తేడా వచ్చినా అందరూ ముందు సీక్రెట్ కీ మీదే పడతారు. కీ మార్చేస్తారు. దాంతో లాగిన్‌లో ఉన్నవాళ్లందరూ బయటికి వచ్చేస్తారు, అసలు సమస్య మాత్రం అలాగే ఉంటుంది. కీ జోలికి వెళ్లేముందు బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. సర్వర్ సెట్-కుకీ హెడర్‌లో (కుకీ దాచుకోమని బ్రౌజర్‌కు చెప్పే లైన్‌లో) పంపిన విలువనే బ్రౌజర్ తర్వాతి రిక్వెస్ట్‌లో తిరిగి పంపిందా, లేదా? రెండు నిమిషాల పని. దయచేసి ఇది చూడకుండా కోడ్ తవ్వకండి.

లక్షణం: అదే విలువ తిరిగొచ్చింది, సర్వర్ మాత్రం ఒప్పుకోవడం లేదు

ఇది ఎక్కువగా కీ తేడాయే. ఒకసారి లాగిన్ ఉండి, రిఫ్రెష్ చేస్తే పోయి, మళ్లీ చేస్తే వస్తోందంటే సర్వర్‌లో రిక్వెస్ట్‌లు పంచుకునే ఒక్కో వర్కర్ ప్రాసెస్ మొదలయ్యేటప్పుడు సొంతంగా కీ తయారు చేసుకుంటోందన్నమాట. కీని కోడ్‌లో పుట్టించకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట సర్వర్‌లో ఉంచే సెట్టింగ్‌లో) పెట్టి అన్ని ప్రాసెస్‌లకూ ఒకటే ఇవ్వండి. కీ మార్చక తప్పకపోతే కొత్తదానితో సంతకం చేయిస్తూ, పాతదాన్ని కొన్నాళ్లు చదవడానికి మాత్రం ఉంచండి.

లక్షణం: సర్వర్ కొత్త విలువ పంపింది, బ్రౌజర్ పాతదే తిరిగి పంపుతోంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. కడియం నర్సరీల ఆర్డర్లు తీసుకునే సైటు ఒకటి ఉందనుకోండి. బుట్ట మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసిన కుకీలోనే. ఇంటికి నాలుగు మొక్కలు కొనేవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. షాపులవాళ్లు రకం తర్వాత రకం వేసుకుంటూ పోతారు. ఒక దశలో ‘బుట్టలో చేరింది’ అని వస్తుంది, పేజీ మారగానే ఆ మొక్క మాయం. ఇంకొకరు ఓటీపీ సరిగ్గానే కొడతారు, మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంది. లాగ్‌లో సంతకం తప్పిందన్న ఎర్రర్ ఒక్కటీ ఉండదు.

ఎందుకుండదంటే, కుకీ పేరు, విలువ కలిపి 4,096 బైట్లు దాటితే బ్రౌజర్ ఆ సెట్-కుకీని మొత్తంగా వదిలేస్తుంది. పాత కుకీని చెరపదు. ఆ పాత కుకీ సంతకం సరైనదే కాబట్టి సర్వర్ కూడా హాయిగా ఒప్పుకుంటుంది.

మన సైట్లకు ఇది ఇంకా తొందరగా తగులుతుంది. ‘నందివర్ధనం’ కంటికి ఐదక్షరాలే. యూనికోడ్‌లో 10 గుర్తులు, యూటీఎఫ్-8లో 30 బైట్లు. డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి జేసన్. పైథాన్, పీహెచ్‌పీల జేసన్ మామూలు సెట్టింగ్‌లో ఒక్కో గుర్తునీ ఆరు బైట్ల ఎస్కేప్‌గా రాస్తుంది కాబట్టి 60. ఎన్‌క్రిప్ట్ చేసి బేస్64లో (ప్రతి మూడు బైట్లనూ నాలుగు మామూలు అక్షరాలుగా రాసే పద్ధతిలో) పెడితే 80. అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే జేసన్‌లో 14 బైట్లే. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్ ఎన్‌క్రిప్షన్‌లో బేస్64 రెండుసార్లు జరుగుతుంది, అక్కడ ఇంకా పెరుగుతుంది. పేరు, కవర్ సైజు, దింపాల్సిన ఊరు కలిపి ఒక్కో రకానికి 30 తెలుగు గుర్తులు, మిగతా జేసన్ సరంజామా 25 బైట్లు అనుకున్నా, 15 రకాలకే బేస్64 తర్వాత 4,100 అవుతుంది. డెవలపర్ ఇంగ్లిష్ పేర్లతో, రెండు మూడు మొక్కలతో టెస్ట్ చేస్తాడు. ఇక అతనికి ఎలా కనిపిస్తుంది?

క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రెస్పాన్స్ మీద నొక్కి కుకీల భాగం చూడండి. తిరస్కరించిన కుకీ పక్కన హెచ్చరిక గుర్తుంటుంది, కారణం కూడా రాసి ఉంటుంది. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల్లో రైల్స్ అయితే హద్దు దాటగానే ఎర్రరే ఇస్తుంది. ఫ్లాస్క్ లాగ్‌లో హెచ్చరిక పడేస్తుంది, దాన్ని ఎవరూ చదవరు. ఎక్స్‌ప్రెస్‌లో కుకీ-సెషన్ వాడితే అదీ ఉండదు.

పరిష్కారం ఒక్కటే: కుకీలో సెషన్ ఐడీ మాత్రం ఉంచి, బుట్టను డేటాబేస్‌కో, మెమరీలో డేటా ఉంచే రెడిస్‌కో తరలించండి. ఈలోగా పని నడవాలంటే పేర్లు తీసేసి మొక్క కోడ్, సంఖ్య మాత్రం పెట్టండి. 3,500 బైట్లు దాటిన ప్రతి కుకీనీ పంపేముందే లాగ్‌లో రాయించండి, టెస్టుల్లో ‘నూరువరహాలు’ లాంటి పేర్లతో పెద్ద ఆర్డరు ఒకటి ఉంచండి. కుకీని ముక్కలు చేసి రెండు మూడు పేర్లతో పంపే ఉపాయం మాత్రం వద్దు. కుకీలన్నీ ఒకే హెడర్ లైన్‌లో వెళ్తాయి, ఆ లైన్ 8 కేబీ దాటితే వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ మామూలు సెట్టింగ్‌లో 400 ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు కస్టమర్‌కు సైటే తెరుచుకోదు, కుకీలు చెరుపుకోమని ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పాల్సి వస్తుంది.

మిగతావి

హెచ్‌టీటీపీలో నడుస్తున్న సైటులో సెక్యూర్ ఫ్లాగ్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే కుకీ వెళ్లాలనే గుర్తు), డొమైన్ తప్పుగా రాయడం, సర్వర్ గడియారం తేడా. ఇవి అరుదు. మొదటి రెండూ అదే నెట్‌వర్క్ ట్యాబ్‌లో కనిపిస్తాయి, గడియారం సంగతి సర్వర్‌లో టైమ్ చూస్తే తెలిసిపోతుంది.