ఆర్290 ఏసీ విప్పే ముందు జాగ్రత్తలు

ముందు నేమ్‌ప్లేట్ చదవండి. ఆర్290 అంటే ఏసీలో చల్లదనం కోసం నింపే శుద్ధమైన ప్రొపేన్, మండే గ్యాస్. వంటగ్యాస్‌కు కలిపే వాసన దీనికి ఉండదు, ముక్కును నమ్ముకోవద్దు. గాలికన్నా బరువు కాబట్టి నేలమీద, గుంటల్లో పేరుకుంటుంది. ఘనమీటరు గాలిలో సుమారు 38 గ్రాములు చేరితే చిన్న నిప్పురవ్వ చాలు.

• తలుపులు, కిటికీలు తెరవండి. మండే గ్యాస్‌ను పసిగట్టే హైడ్రోకార్బన్ డిటెక్టర్‌ను నేలకు దగ్గరగా పెట్టి, పని అయ్యేదాకా ఆన్‌లోనే ఉంచండి.

• మెయిన్ ఆపండి. గొట్టాల్లోని గాలి, గ్యాస్ లాగేసే వాక్యూమ్ పంపు ప్లగ్ గది బయటి సాకెట్‌లోనే పెట్టండి. స్విచ్ వేసినప్పుడే రవ్వ పుడుతుంది.

• మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ చేతికందేలా ఉండాలి.

• అసలు ప్రమాదం బ్రేజింగ్ (టార్చ్ వేడితో గొట్టాలు అతికించడం) దగ్గర. గ్యాస్ తీసేశాక కూడా కంప్రెసర్ ఆయిల్‌లో కరిగిన ప్రొపేన్ మిగిలే ఉంటుంది, వేడి తగలగానే బయటికొస్తుంది. వాక్యూమ్ చేసి, పొడి నైట్రోజన్ నింపి వదిలి, మళ్లీ వాక్యూమ్ చేయండి. పాత జాయింట్‌ను టార్చ్‌తో ఊడదీయొద్దు, ట్యూబ్ కట్టర్‌తో కోయండి.

• లీక్ టెస్టుకు నైట్రోజన్ మాత్రమే. ఆక్సిజన్ ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

• ఛార్జింగ్, అంటే గ్యాస్ నింపడం, ఎలక్ట్రానిక్ కాటా మీదే. పాత ఏసీల్లో వాడే ఆర్22 గ్యాస్‌తో పోలిస్తే బరువులో సగంకన్నా తక్కువే పడుతుంది, అంచనాతో పోస్తే ఎక్కువైపోతుంది.

• ఆర్22 మెషీన్‌లో మాత్రం దీన్ని నింపొద్దు. దాని రిలేలు, స్విచ్‌లు మండే గ్యాస్ కోసం చేసినవి కావు.