శంషాబాద్ నుంచి రేణిగుంటకు: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కించే తీరు

దర్శనం టికెట్టు మీద ఉన్న వేళకు కొండ మీదికి చేరాలనుకునేవారు విమాన ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో ముందుగా లెక్క వేసుకోవడం మంచిది. మొదట రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలను మ్యాప్‌లో చూసి రాసుకోవాలి: రేణిగుంట 13.63, 79.54, శంషాబాద్ 17.24, 78.43. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి, అక్షాంశాల తేడా 3.61ను 111తో గుణిస్తే సుమారు 401 కిలోమీటర్లు వస్తుంది. భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాల మధ్య ఎడం తగ్గుతుంది కాబట్టి, మన ప్రాంతంలో డిగ్రీకి 107 చొప్పున, 1.11 డిగ్రీలకు 119 కిలోమీటర్లు తీసుకోవాలి. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 418 కిలోమీటర్లు తేలుతుంది. దుబాయ్ వంటి దూరాలకు ఈ పద్ధతి నప్పదు. అక్కడ భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే సూత్రమే వాడాలి.

సమయం దగ్గరే చాలామంది పొరబడతారు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుని దూరాన్ని భాగిస్తే అరగంటే వస్తుంది. కానీ రన్‌వే దాకా మెల్లగా సాగడం, పైకెక్కడం, కిందికి దిగడం ఆ వేగంతో జరగవు గనుక మరో అరగంటైనా కలపాలి. ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానమైన ఏటీఆర్ వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లే. రేణిగుంటలో దిగాక అలిపిరి తనిఖీకీ, ఘాట్ రోడ్డుకూ పట్టే సమయాన్ని విడిగా కలుపుకోవాలి.