పొంటె వెక్కియోకు వెళ్లే ముందు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆర్నో నదిపై 1345 నాటి రాతి వంతెన ఇది. రెండు పక్కలా నగల దుకాణాలే. 1593లో మాంసం కొట్లను పంపించి కంసాలులకు చోటిచ్చారు.

- దుకాణాలు తెరవకముందే ఒకసారి వెళ్లండి. ఇనుప పట్టీలు బిగించిన చెక్క తలుపులు మూసి ఉంటే, ఒక్కో కొట్టూ అమ్మమ్మగారింటి భోషాణంలా కనిపిస్తుంది. నాకు వంతెన అసలు అందం అదే.

- పగలు కిక్కిరిసి ఉంటుంది. సంచి ముందుకు వేసుకోండి. పర్సు, పాస్‌పోర్టు వెనక జేబులో వద్దు.

- బంగారం కొనాలనుకుంటే ముద్ర చూడండి. మనకు అలవాటైన 916 కాదు, అక్కడ ఎక్కువగా 750, అంటే 18 క్యారెట్లు. మన ధరతో పోల్చేముందు ఈ తేడా లెక్కవేయండి. రసీదు తప్పనిసరి.

- నేలమీద పరిచి అమ్మే నకిలీ బ్రాండు సంచుల జోలికి పోవద్దు. ఇటలీలో కొన్నవారికీ జరిమానా పడుతుంది.

- వంతెన మధ్యలో శిల్పి, కంసాలి అయిన చెల్లీని విగ్రహం చుట్టూ ఉన్న కమ్ములకు ప్రేమ తాళాలు వేయకండి. దానికీ జరిమానా ఉంది, పైగా ఆ పాత ఇనుముకు చేటు.

- దుకాణాలపైనుంచి సాగే, వసారి అనే వాస్తుశిల్పి కట్టిన నడవా (1565) చూడాలంటే టికెట్ ముందే తీసుకోండి.

- వాన పడితే రాతిబాట జారుతుంది. పట్టున్న చెప్పులు వేసుకోండి.